కాంటా పక్కన రాయి

నా పీహెచ్‌డీ కుర్చీల మీద. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, నాకు అలవాటైపోయింది. ఏ ఆఫీసులో ఏ కుర్చీకి చేతులుంటాయి, దేనికి ఉండవు, పెద్దాయన సెలవు పెడితే ఆయన కుర్చీలో కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది, తువ్వాలు కప్పిన కుర్చీకీ కప్పని కుర్చీకీ ఎంత దూరం... ఇదీ నా చదువు. సంస్థలు జీతాలతో, రూల్సుతో మాత్రమే నడవవు, గుర్తులతో నడుస్తాయి అని చెప్పే శాస్త్రం. మా అమ్మకు ఇదంతా ఒక్క ముక్కలో అర్థమైంది. "కుర్చీల కూసునే చదువు చదవమంటే, కుర్చీల గురించి చదివొచ్చినవ్" అంది.

నాన్న ఎర్రుపాలెం రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషన్ మాస్టరు భోజనానికి వెళ్లినప్పుడు ఆ గదిలో ఫోను దగ్గర నాన్నే కాపలా. ఎదురుగా ఖాళీ కుర్చీ. సర్వీసంతా నిలబడే కాపలా కాశాడు తప్ప ఒక్కనాడు అందులో కూర్చోలేదు. వద్దన్నవాళ్లు లేరు. కూర్చోకూడదని గోడ మీద రాసిపెట్టిందీ లేదు. చిన్నప్పుడు క్యారియర్ పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఆయన్ను అలా చూసి నాకు ఒళ్లు మండేది. ఆ మంటే నన్ను ఇంతదూరం చదివించింది.

చిత్రమేమిటంటే నాకూ కూర్చోవడం చేతకాదు. క్లాసులో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ పాఠం చెబుతాను. స్టాఫ్‌రూములో కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతాను. ఖమ్మం చుట్టూ ఎక్కడ చూసినా ఎంబీఏ కాలేజీలు లేస్తున్న రోజులవి. నేను ఒకదాంట్లో మానేసి ఇంకోదాంట్లో చేరుతూ, చేరినచోటల్లా కరస్పాండెంటుతో ఏదో ఒకటి పెట్టుకుంటూ, చివరికి బైపాస్ రోడ్డు మీది కాలేజీలో ప్రొఫెసర్నయ్యాను. ఫ్లోరెన్స్ మేడమ్ కాలుగాలిన పిల్లి అని నా వెనక అనుకునేవాళ్లు. నా ముందు అన్నా కాదనేదాన్ని కాదు.

దమ్మపేట అవతల, అడవి మొదలయ్యేచోట ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీ పెట్టారు. జామాయిల్ దుంగలు లారీల్లో లోపలికి వస్తాయి, పలచగా చెక్కి అతికితే షీట్లుగా బయటికి పోతాయి. నా చదువుకు అది బంగారు గని. ఆఫీసర్లకు తెల్ల హెల్మెట్, పర్మినెంటు వాళ్లకు పసుపుది, గూడెం నుంచి వచ్చే లోడింగ్ కూలీలకు తలగుడ్డ. పర్మినెంటు వాళ్లకు సైరన్ మోగుతుంది, కూలీలకు మేస్త్రీ ఈల వేస్తాడు. టీ కూడా వాళ్లకు కప్పులో, వీళ్లకు ప్లాస్టిక్ గ్లాసులో. వీటి మీద నేను రాసిన పేపరు విదేశీ పత్రికలో అచ్చయింది. మేనేజరు రాజేష్ అది చదివి కోప్పడతాడనుకుంటే, మొదటి పేజీకి ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకున్నాడు. తిట్టయినా సరే, ఇంగ్లిషులో అచ్చయితే సన్మానమే కదా. అప్పట్నుంచి నేను ఎప్పుడు వెళ్లినా గేటు తెరిచేవాళ్లు.

ఆ పరిచయంతోనే మా తమ్ముడు జోయెల్‌కు అక్కడ కాంటా మీద ఉద్యోగం దొరికింది. లారీ వచ్చి కాంటా ఎక్కితే, పై క్యాబిన్లోంచి చూసి బరువు రాసి బిల్లు కొట్టడం వాడి పని. డిగ్రీ తప్పి, ఫోన్ రీచార్జి దుకాణం పెట్టి మూసేసి, అమ్మ కళ్లముందు ఖాళీగా తిరిగినవాడు ఉద్యోగంతో మనిషయ్యాడు. సత్తుపల్లిలో సంబంధం కుదిరింది. అబ్బాయికి నౌకరీ ఉందని పిల్ల తరఫువాళ్లు సరేనన్నారు. వేసవిలో పెళ్లి.

ఇక నా సంగతి. రాజేష్ తన చైర్మన్‌తో మాట్లాడి మా కాలేజీలో ఒక అధ్యయన కేంద్రం పెట్టిస్తానన్నాడు. ఒక గది, దానికో బోర్డు, బోర్డు మీద డైరెక్టర్‌గా నా పేరు. నేను దాన్ని కోరుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, లోపల వేసే కుర్చీ రంగు గురించి కూడా ఆలోచించాను.

అప్పుడే దూలయ్య చనిపోయాడు.

దూలయ్య లోడింగ్ కూలీ. వెనక్కి వస్తున్న లారీ కింద పడ్డాడు. ఎక్కడ పడ్డాడన్నదే తగాదా. గేటు బయట రోడ్డు మీద, ఎవరిదో లారీ అని కంపెనీ మాట. గేటు లోపల కాంటా పక్కన, కంపెనీ దుంగల లారీ అని ఆయన భార్య నాగక్క మాట. లోపలైతే పనిలో పోయినట్టు, కంపెనీ జవాబు చెప్పుకోవాలి, నాగక్కకు ఉద్యోగం ఇవ్వాలి. బయటైతే దారిన పోయేవాడు దారిలోనే పోయాడు. లేబర్ ఆఫీసు విచారణకు వస్తే చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మేస్త్రీ ఆ పూట పనికి రాలేదు. తోటి కూలీలు దుంగల గుట్ట అవతల ఉన్నారు. జోయెల్ క్యాబిన్లో తల వంచుకుని బిల్లు రాస్తున్నానని, చప్పుడు మాత్రమే విన్నానని చెప్పాడు.

కొన్నాళ్లకు గూడెం వాళ్లు ట్రాక్టరు మీద నడుమెత్తు రాయి ఒకటి తెచ్చి, కాంటా పక్కనే గుంత తీసి పాతారు. గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ల చుట్టమే, అడ్డం పడలేదు. పోయినవాళ్లకు రాయి నిలబెట్టడం ఆ గూడెంలో ఆచారం. కాకపోతే ఎప్పుడూ ఊరి బయట దారి పక్కన నిలబెడతారు. ఫ్యాక్టరీలో నిలబెట్టడం ఇదే మొదలు. పీకించేస్తానని రాజేష్ ఎగిరాడు. రాయి మీద చెయ్యేస్తే రేపట్నుంచి లోడింగుకు ఒక్కడూ రాడని మేస్త్రీ చెప్పాక చల్లబడ్డాడు. లారీలు ఆ రాయిని తప్పించుకుని తిరగడం నేర్చుకున్నాయి.

నేనూ వెళ్లి దాని చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాను. ఇంకో పేపరుకు సరిపోయే సరుకు. జోయెల్ పైనుంచి చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. వాడు ఊపలేదు.

రెండువేల ఆరులో ఎండలు ముదురుతున్నప్పుడు రాజేష్ మా కాలేజీకే వచ్చాడు. "సోమవారం చైర్మన్ గారు వస్తున్నారు మేడమ్. అదే రోజు పొద్దున లేబర్ ఆఫీసర్ వచ్చి చివరిసారి స్థలం చూసి వెళ్తారట. ఆలోగా ఆ రాయి గేటు బయటికి మారితే బాగుంటుంది. గౌరవంగానే మారుద్దాం. పందిరి వేద్దాం, దండలు వేద్దాం. పేపరు రాసేటప్పుడు గూడెంలో తిరిగారు కదా, వాళ్లు మీ మాట వింటారు."

"గేటు బయటికే ఎందుకు?"

"ఎక్కడైతే ఏముంది మేడమ్. ఊరికే, సింబాలిక్‌గా."

ఆ 'ఊరికే' వింటే నాకు తిక్క రేగుతుంది. బతుకంతా ఆ మాట మీదే నా పోట్లాట. ఊరికే అయితే నీ తెల్ల హెల్మెట్ తీసి నాగక్క నెత్తిన పెట్టు చూద్దాం అని నోటిదాకా వచ్చింది. అతని ఎత్తు నాకు తెలుస్తూనే ఉంది. రాయి ఎక్కడుంటే మనిషి అక్కడ పోయినట్టు. గూడెం వాళ్లే తీసి బయట పెడితే వాళ్లే ఒప్పుకున్నట్టు. ఇంత తెలిసీ "మాట్లాడి చూస్తాను" అన్నాను. ఎందుకన్నానంటే, లేస్తూ లేస్తూ అతను "మీ సెంటర్ ఫైలు మీద కూడా చైర్మన్ గారు ఆ రోజే సంతకం పెడతారు" అన్నాడు.

దమ్మపేటలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయినచోట నుంచి నడిచి గూడెం చేరాను. నాగక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసి పుల్లలు ఏరుతోంది. "కూసో టీచరమ్మా" అని మంచం వాల్చింది. నేను నిలబడే మాట్లాడాను.

"రాయి గేటు బయటికి తీస్కపోదమంటున్నరు నాగక్కా. పందిరేస్తరంట. నీకు ఇష్టం లేకుంటే చెప్పు, వద్దని నేనే చెప్త."

ఒప్పుకుంటే బాగుండునని ఒక పక్క, ఒప్పుకోకపోతే బాగుండునని ఇంకో పక్క, నాకు రెండూ అనిపిస్తున్నాయి.

"తీస్కపోనియ్యి" అంది నాగక్క.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

"కాకపోతే ఊకె తియ్యరాదు. రాయి లేపేటప్పుడు, ఆయన పడ్డది చూసినోళ్లు దాని మీద చెయ్యి పెట్టి చెప్పాలె. 'దూలయ్యా, నువ్వు గీడ పడ్డవు, గీడికెల్లి నిన్ను తీస్కపోతున్నం' అని. చూడనోళ్లు చెయ్యి పెట్టొద్దు. ఎవరూ చెప్పకుంటే ఆయన రాడు. ఉత్త రాయొక్కటే వస్తది."

"చూసినోళ్లు ఎవరు లేరన్నరు గద?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. "నీ తమ్ముడు కాంట కాడ ఉండె గద టీచరమ్మా."

"వాడు చూళ్లే!" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగా అన్నాను. నాగక్క తిడితే బాగుండేది. తిట్టలేదు. నేను బయల్దేరుతుంటే దోసిట్లో ఇప్పపువ్వు తీసి నా సంచిలో పోసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లింది. జోయెల్ అన్నం ముందు పెట్టుకుని కెలుకుతున్నాడు. కొన్నాళ్లుగా వాడు సరిగా తినడం లేదు. చర్చిలో కీబోర్డు వాయించడం మానేశాడు. రోడ్డు మీద లారీ హారన్ మోగితే భుజాలు బిగబట్టుకుంటున్నాడు. గుర్తులు చదవడం నా వృత్తి, అవన్నీ చదివాను. అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని నా భయం.

నాగక్క పెట్టిన షరతు చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్ గిదంతా?" అన్నాడు.

"ఊకెనే."

"నేను చూడలే అక్కా."

"నేనడగలే గదరా."

"నోటితోని అడగలే. మొఖంతోని అడిగినవ్." కంచం పక్కకు నెట్టి లేచాడు. "పెండ్లి పెట్టుకున్నం. ఈ నౌకరీ పోతే ఆ పిల్లోళ్లకు ఏం చెప్పాలె? ఆ నౌకరీ పెట్టిచ్చింది నువ్వే. యాదికున్నదా?"

యాదికి లేకపోతే కదా. వాడు చెయ్యి కడుక్కుని బయటికెళ్లిపోయాడు. నేను వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతూ ఉండిపోయాను. అమ్మ వచ్చి "నీ కాళ్లకు చక్రాలున్నయా?" అని కసిరింది.

మర్నాడు రాజేష్‌కు ఫోన్ చేసి షరతు చెప్పాను. "చూసినవాళ్లు లేరు కదా, మేస్త్రీ చెబుతాడులెండి. రెండు ముక్కలేగా" అని నవ్వాడు. మేస్త్రీ చెబితే ఒప్పుకోరని అన్నాను. "అంతా సింబాలిక్ మేడమ్, మీకు నేను చెప్పాలా" అన్నాడు. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక నాకేం సంబంధం లేదనుకుని ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా క్లాసులో నేను అటూ ఇటూ తిరుగుతుంటే పిల్లలకు మెడలు నొప్పి పుట్టి ఉంటాయి. ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

సోమవారం పొద్దున్నే వెళ్లాను. గేటు బయట పందిరి, బంతిపూల దండలు, కొత్తగా తవ్విన గుంత. ఎన్నడూ లేనిది కూలీలందరికీ పసుపు హెల్మెట్లు ఇచ్చారు. అవి వాళ్ల తలగుడ్డల మీద నిలవక జారుతున్నాయి. కాంటా దగ్గర గూడెం జనం రాయి చుట్టూ నిలబడ్డారు. లేబర్ ఆఫీసర్ శ్యామల గారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చి జీపు దిగారు. నడివయసు మనిషి, ఎండకు కొంగు నెత్తిన వేసుకున్నారు. రాజేష్ నన్ను పరిచయం చేశాడు. "మా ఫ్లోరెన్స్ మేడమ్. ఈ ఆచారాలు, గుర్తులు, వీటి మీద పెద్ద ఎక్స్‌పర్ట్. ఫారిన్‌లో కూడా తెలుసు."

గడ్డపారలు సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రీ ముందుకొచ్చి రాయి మీద చెయ్యి పెట్టబోయాడు.

"ఆనాడు ఉన్నవా నువ్వు?" అంది నాగక్క.

మేస్త్రీ రాజేష్ వైపు చూశాడు. నాగక్క వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకెవరైనా చెప్పండయ్యా" అన్నాడు రాజేష్. ఎవరూ కదల్లేదు. గడ్డపారలు పట్టుకున్నవాళ్లు వాటిని నేలకు ఆనించి నిలబడ్డారు. కాంటా మీదికి రావాల్సిన లారీలు గేటు బయట ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. చైర్మన్ కారు సత్తుపల్లి దాటిందని ఎవరో వచ్చి రాజేష్ చెవిలో చెప్పారు. అతని చొక్కా తడిసిపోయింది. నేను పైకి, క్యాబిన్ వైపు చూడకూడదని నేలను చూస్తూ నిలబడ్డాను.

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

జోయెల్ దిగి వస్తున్నాడు. జనం పక్కకు జరిగారు. వాడు నేరుగా వచ్చి రాయి మీద కుడిచెయ్యి పెట్టాడు.

"దూలయ్యా, నువ్వు గీడనే పడ్డవ్. లారీ ఎనకకొస్తుంటే కేకేసినవ్. నాకు ఇనబడ్డది. మీదికెల్లి చూసిన. గీడికెల్లి నిన్ను తీస్కపోతున్నం."

నాగక్క ఉన్నచోటే కూలబడింది. గూడెం ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. వీడు నా తమ్ముడు అని అక్కడున్న అందరికీ అరిచి చెప్పాలనిపించింది. ఆ వెంటనే పెళ్లి గుర్తొచ్చింది.

రాజేష్ తేరుకున్నాడు. మొహాన నవ్వు పులుముకుని "ఇదంతా వాళ్ల ఆచారం మేడమ్. ఎవరో ఒకరు అనాలి కాబట్టి మావాడు అన్నాడు. సింబాలిక్" అని శ్యామల గారితో అన్నాడు.

ఆవిడ అతన్ని పట్టించుకోకుండా జోయెల్‌ను అడిగారు. "ఏం బాబూ? ఆచారం కోసం అన్నావా? నిజంగా చూసిందే చెప్పావా? నేనేమని రాసుకోవాలి?"

జోయెల్ నా వైపు తిరిగాడు. "మా అక్కను అడగండి మేడమ్. గివన్నీ ఆమెకు తెలుసు."

వాడి కళ్లలో నీళ్లున్నాయి. బరువు మోయలేక నాకందిస్తున్నాడు, మిగతా మాట నన్ను చెప్పమంటున్నాడు అనుకున్నాను. రాజేష్ కూడా నన్నే చూస్తున్నాడు. అతనికి కావాల్సింది ఒక్క మాట. ఆచారంలో పలికే మాటలను జరిగిన సంగతిగా తీసుకోనక్కర్లేదని నేను అంటే చాలు. సెమినార్లలో ఎన్నిసార్లు అనలేదు! అంటే తమ్ముడి ఉద్యోగం నిలుస్తుంది, పెళ్లి జరుగుతుంది, నా గదికి బోర్డు పడుతుంది. నాగక్క నన్ను చూడటం లేదు. జోయెల్ చెయ్యి ఉన్నచోట రాయిని చూస్తోంది.

"చూడనివాళ్లు ఆ రాయి మీద చెయ్యి పెట్టకూడదు మేడమ్" అన్నాను. "మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇప్పుడే మీరూ చూశారు. మావాడు పెట్టాడంటే చూశాడు. ఇది మొక్కుబడి మాట కాదు, సాక్ష్యం. రాసుకోండి."

"అంతేనా?" అని శ్యామల గారు జోయెల్‌ను అడిగారు.

వాడు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత "అవ్" అన్నాడు.

రాజేష్ గొంతు పెంచలేదు. నా పక్కకు వచ్చి "రేపట్నుంచి మీ తమ్ముణ్ణి రావొద్దనండి. మీరూ శ్రమపడొద్దు మేడమ్" అని, చైర్మన్ కారుకు ఎదురెళ్లాడు. సంతకం పెట్టాల్సిన ఫైలు అతని చంకలోనే ఉంది. ఆ గది మీద అంత ఆశ పెట్టుకున్నాను కదా, ఆ క్షణంలో బాధ వేయలేదు. తర్వాత వేసింది, అది వేరే సంగతి.

కూలీలు గడ్డపారలు వేసి రాయిని లేపారు. మోసుకుని గేటు బయటి గుంత వైపు నడవబోతే నాగక్క లేచి అడ్డం వచ్చింది.

"ఆడికి గాదు. ఊరికి" అంది. "ఎవరు చెప్తలేరని గీడ పెట్టిన. చెప్పిండ్రు గద. ఇగ ఇంటికి తీస్కపోత."

ట్రాక్టరు తెచ్చి రాయిని ఎక్కించారు. జోయెల్ క్యాబిన్లోంచి తన టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. అమ్మతో నేను మాట్లాడతాను, పిల్లవాళ్లతో కూడా నేనే మాట్లాడతాను, నువ్వు చేసింది మామూలు పని కాదురా అని గబగబా ఏదేదో అంటున్నాను. వాడు నా చెయ్యి తీసేయలేదు, నా వైపు చూడనూలేదు.

"అక్కా, నువ్వట్ల చెప్తవనుకోలే" అన్నాడు.

"మరేమనుకున్నవ్?"

"గది ఊకె ఆచారం మాటేనని చెప్తవనుకున్న. దూలయ్యకు చెప్పినట్టయితది, నా నౌకరీ ఉంటది అనుకున్న. నువ్వున్నవని నమ్మే దిగొచ్చిన. లేకుంటే ఆ మెట్లు దిగేటోణ్ణి కాదు."

వాడు నీళ్లు నిండిన కళ్లతో నన్ను అడిగింది అదన్నమాట. అందరి ముందూ కాపాడమని అడిగాడు. నేను సాక్షిని చేశాను.

"చెప్పినందుకు బాధపడ్తున్నవా?" అని అడిగాను.

"ఏమో అక్కా. ఇప్పుడే అడగకు."

ట్రాక్టరు కదలబోతోంది. గూడెం దారంతా గుంతలు. రాయి దొర్లకుండా ఎవరైనా పట్టుకోవాలని డ్రైవరు అరిచాడు. జోయెల్ డబ్బా నా చేతికిచ్చి పైకెక్కి, నాగక్కకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో రాయిని పట్టుకున్నాడు. నేను ఆ దుమ్ములో వెనకాలే నడిచాను. అడగకుండా ఎన్నాళ్లుండాలో నాకు తెలియదు.